దానిమ్మ బొమ్మ వెనక చక్కెర

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఛైర్‌పర్సన్ గారికి,



చక్కెర ఒక హద్దు దాటిన ఏ పానీయం మీదా, ఏ బిస్కెట్ ప్యాకెట్ మీదా ‘యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం’ అన్న మాట అచ్చు వేయనివ్వొద్దని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. కోరేదేమిటో ముందే చెప్పేశాను. ఎందుకు కోరుతున్నానో ఇక తీరిగ్గా చెబుతాను, దయచేసి చివరిదాకా చదవండి.

నేను డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెబుతాను. ఆక్సీకరణ ఒత్తిడి అనే పాఠం ఏటా చెప్పేదే. కణంలో ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు ఎక్కువై, వాటిని అణిచే రక్షణ చాలకపోతే కొవ్వులు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయన్నది దాని సారం. 1985లో జర్మనీ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ స్థితికి ఒక నిర్వచనం ఇచ్చారు. చాలా ఏళ్లు ఈ సంగతులు క్లాసు గది దాటలేదు. ఇప్పుడు కాలేజీకి వచ్చిన తల్లిదండ్రులు కూడా యాంటీ ఆక్సిడెంట్ల గురించి అడుగుతున్నారు. సంతోషించాల్సిన విషయమే కానీ, వాళ్లు అడిగే ప్రశ్న వినండి. “మేడమ్, మా ఆయనకు షుగర్ ఉంది. ఈ జ్యూస్‌లో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయట కదా, రోజూ ఒకటి ఇస్తే మంచిదేనా?” ఆ మాట వాళ్లకు ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. డబ్బా మీద చూశారు, టీవీలో విన్నారు.

అలాంటి డబ్బా ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కంపెనీ పేరు అనవసరం, ఈ తీరు ఒక్క కంపెనీది కాదు. 200 మిల్లీలీటర్ల అట్టపెట్టె. ముందువైపు రెండుగా విచ్చిన దానిమ్మకాయ, గింజల మీద నీటి చుక్కలు, పక్కన ఆకుపచ్చ ముద్రలో ‘యాంటీ ఆక్సిడెంట్లతో నిండినది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. వెనక్కి తిప్పితే అంచున సన్నని అక్షరాల్లో పదార్థాల జాబితా. నీళ్లు, చక్కెర, ఆ తర్వాత దానిమ్మ రసం సాంద్రం, పుల్లదనం కోసం కలిపినవి, వాసన కోసం కలిపినవి. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రాయాలన్నది మీ నిబంధనే. అంటే దానిమ్మ కంటే చక్కెర ఎక్కువ. 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర అని పట్టికలో ఉంది. మొత్తం పెట్టెకు ఎంతో ఎక్కడా లేదు. లెక్క వేసుకుంటే 26 గ్రాములు, ఆరు టీ చెంచాల పైమాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, చక్కెర నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 5 శాతం లోపే ఉండాలన్నాయి. 2,000 కేలరీలు తినే మనిషికి అది 25 గ్రాములు. స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు సాయంత్రం తాగే ఒక్క పెట్టెతో, పెద్దవాళ్లకు పెట్టిన హద్దు కూడా దాటిపోతోంది.

ఆ పెట్టె మీద ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. దానిమ్మలో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్న మాట నిజం. పెట్టెలో కొంత దానిమ్మ ఉన్న మాట నిజం. చక్కెర ఎంతో వెనక రాసిన మాటా నిజం. ఇన్ని నిజాలు కలిసి ఒక ఇల్లాలికి ‘షుగర్ ఉన్నవాళ్లకు ఇది మంచిది’ అనే తప్పుడు నమ్మకం కలిగిస్తున్నాయి. మీ 2018 నాటి ప్రకటనల, ప్రచార వాక్యాల నిబంధనలు, చెప్పేది నిజమై ఉంటే చాలదు, తప్పుదోవ పట్టించేదిగా ఉండకూడదు అంటున్నాయి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 24వ సెక్షన్ ఉన్నదీ, 53వ సెక్షన్ పది లక్షల దాకా జరిమానా పెట్టిందీ ఇందుకే.

చక్కెర ఎక్కువైన పదార్థాలు చాలా ఉండగా దీని మీదే ఎందుకు పట్టుబడుతున్నానంటే, యాంటీ ఆక్సిడెంట్ ఏ హానిని తగ్గిస్తుందని చెబుతున్నారో సరిగ్గా ఆ హానినే చక్కెర పెంచుతుంది. ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి.

తిన్న చక్కెర చివరికి కాలేది కణాల్లోని మైటోకాండ్రియాలో. గ్లూకోజ్ నుంచి తీసిన ఎలక్ట్రాన్లు వరసగా కొన్ని ప్రొటీన్ల మీదుగా నడిచి, చివర ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. మామూలుగానే ఆ దారిలో కొన్ని ఎలక్ట్రాన్లు పక్కకు జారి నేరుగా ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేదే సూపరాక్సైడ్. దాన్ని అణిచే ఎంజైమ్ మన కణాల్లోనే ఉందని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. కాబట్టి కొద్దిపాటి సూపరాక్సైడ్‌తో భయం లేదు. గ్లూకోజ్ అవసరానికి మించి కణంలోకి వచ్చినప్పుడే చిక్కు. మైటోకాండ్రియా మీద భారం పెరిగి, జారే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి. మధుమేహం వల్ల వచ్చే నష్టాలకు మూలం ఈ సూపరాక్సైడేనని మైఖేల్ బ్రౌన్లీ 2001లో ‘నేచర్’ పత్రికలో ఒక పెద్ద వ్యాసంలో వాదించారు. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు చాలా కణాలు తమలోకి వచ్చే గ్లూకోజ్‌ను తగ్గించుకోగలవు. కంటి రెటీనా రక్తనాళాల్లోవి, కిడ్నీలోవి, నరాల చుట్టూ ఉండేవి తగ్గించుకోలేవు. బయట ఎంత ఉంటే లోపలికీ అంత వచ్చి పడుతుంది. షుగర్ వ్యాధి కళ్లనూ కిడ్నీలనూ అరికాళ్లనూ ప్రత్యేకంగా పట్టుకోవడానికి ఇదొక కారణం.

రెండో దెబ్బ ఇంకా లోతైనది. ఎక్కువైన గ్లూకోజ్‌ను ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ సార్బిటాల్‌గా మారుస్తుంది. ఆ పనికి ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు ఖర్చవుతుంది. మన శరీరం తనకు తాను తయారు చేసుకునే ముఖ్యమైన యాంటీ ఆక్సిడెంట్ గ్లుటాథయాన్. అది ఒకసారి పని చేశాక మళ్లీ పనికొచ్చే రూపానికి రావాలంటే కావాల్సింది కూడా అదే ఎన్‌ఏడీపీహెచ్. ఒక్క జీతం మీద రెండు అప్పులున్న ఇల్లు లాంటిది ఈ కణం. చక్కెర తన బాకీ ముందే వసూలు చేసుకుపోతే గ్లుటాథయాన్‌కు మిగిలేది తక్కువ. అంటే ఎక్కువ చక్కెర, హాని చేసే అణువులను పెంచడమే కాకుండా వాటిని అణిచే సొంత బలాన్నీ తగ్గిస్తుంది. పైగా గ్లూకోజ్ ప్రొటీన్లకు అంటుకుంటుంది కూడా. మూడు నెలల షుగర్ పరీక్ష అని మనం చేయించుకునే హెచ్‌బీఏ1సీలో కొలిచేది హిమోగ్లోబిన్‌కు అలా అంటుకున్న గ్లూకోజ్‌నే.

ఇదంతా జబ్బు ముదిరినవాళ్ల సంగతి కదా అని మీ ముందుకొచ్చే కంపెనీల ప్రతినిధులు అనవచ్చు. 2000లో అమెరికాలోని బఫెలో పరిశోధకులు ఏ జబ్బూ లేనివాళ్ల చేత 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, వాళ్ల తెల్లరక్తకణాలను పరీక్షించారు. ఆ కణాల నుంచి వెలువడే చురుకైన ఆక్సిజన్ అణువులు గంటల వ్యవధిలోనే పెరిగాయి. 2006లో ఫ్రాన్స్ పరిశోధకులు మధుమేహం ఉన్నవాళ్లలో, రోజంతా చక్కెర పైకీ కిందికీ ఎంత ఊగితే ఆక్సీకరణ గుర్తులు మూత్రంలో అంత ఎక్కువగా కనిపించాయని రాశారు. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉన్నట్టు ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ఇంతమందికి తియ్యటి రసాన్ని మందులా అమ్మనివ్వడం సబబు కాదు.

ఎదుటి పక్షం చూపించగల ఆధారం కూడా మీ ముందు పెట్టడం నా ధర్మం. అదే బఫెలో బృందం 2007లో కమలారసంతో పరీక్ష చేసింది. గ్లూకోజ్ నీళ్లకు పెరిగినట్టు కమలారసానికి ఆ అణువులు పెరగలేదు. రసంలోని ఫ్లేవనాయిడ్లు కారణం కావచ్చన్నది వాళ్ల ఆలోచన. దీన్ని నేను కొట్టిపారేయను. మొక్కల్లోని ఆ పదార్థాలకు నిజంగానే పని ఉంది, లేకపోతే నేను ఈ పాఠం చెప్పడం దండగ. కానీ ఒక పూట తాగించి కొన్ని గంటలు చూసిన పరీక్ష అది. ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో 2013లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చిన హార్వర్డ్ అధ్యయనం చూపింది. 1,87,382 మంది ఆహారపు అలవాట్లను ఏళ్ల పాటు గమనించిన అధ్యయనమది. పండును పండుగా తిన్నవాళ్లలో, ముఖ్యంగా బ్లూబెర్రీ, ద్రాక్ష, ఆపిల్ తిన్నవాళ్లలో టైప్ 2 మధుమేహం తక్కువగా వచ్చింది. పళ్లరసం ఎక్కువ తాగినవాళ్లలో ఎక్కువగా వచ్చింది. పండు అదే. పీచు పోయి చక్కెర విడిపడితే ఫలితం తిరగబడింది. పైగా అది చక్కెర కలపని రసాల్ని కూడా లెక్కలోకి తీసుకున్న అధ్యయనం. నా బల్ల మీదున్న పెట్టెలో పండు కంటే చక్కెరే ముందుంది.

యాంటీ ఆక్సిడెంటూ చక్కెరా కలిస్తే ఏమవుతుందో చెప్పే ఇంకా దగ్గరి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో చక్కెర వల్ల వచ్చే శుక్లాల మీద ఏళ్ల తరబడి మంచి పరిశోధన జరిగింది. 2003లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి చెబుతాను, ఎందుకంటే అది ప్రతి ఆహార నియంత్రణ అధికారీ చదవాల్సినది. ఎలుకలకు నూటికి 30 పాళ్లు గాలక్టోజ్ కలిపిన మేత పెట్టారు. గాలక్టోజ్ కూడా ఒక చక్కెరే. కంటి కటకంలో ఆల్డోజ్ రిడక్టేజ్ దాన్ని కూడా పట్టుకుని మారుస్తుంది, కటకం మసకబారి కొద్ది వారాల్లో శుక్లం వస్తుంది. కొన్ని ఎలుకల మేతలో పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ కూడా కలిపారు. ఒక గుంపుకు నూరు గ్రాముల మేతలో రెండు మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకు పది మిల్లీగ్రాములు. రెండు మిల్లీగ్రాములు తిన్నవాటికి శుక్లం ఆలస్యంగా మొదలైంది, ఆలస్యంగా ముదిరింది. పది మిల్లీగ్రాములు తిన్నవాటికి మొదలవడం కాస్త ఆలస్యమైనా, మొదలయ్యాక కర్క్యుమిన్ ఏమీ తిననివాటి కంటే త్వరగా ముదిరింది.

అదే పదార్థం, అదే చక్కెర మేత. మోతాదు అయిదింతలైతే మేలు కీడైంది. తర్వాతి ఏడాది అక్కడివాళ్లే ఉసిరిలోని టానిన్ జాతి పదార్థాలు ఆల్డోజ్ రిడక్టేజ్‌ను అడ్డుకుంటాయని చూపించారు. ఆపైన పసుపు కలిపిన మేత మధుమేహం ఉన్న ఎలుకల్లో శుక్లాన్ని ఆలస్యం చేసిందనీ రాశారు. మన వంటింటి పసుపుకూ, పెరట్లో ఉసిరికీ నిజమైన సత్తువ ఉందని చెప్పే పరిశోధన ఇది. ఎంత ఎక్కువైతే అంత మంచిది, సారం పిండి కలిపితే ఇంకా మంచిది అనే వ్యాపార లెక్కను కాదనే పరిశోధన కూడా ఇదే. ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటగట్టకూడదు, నిజమే. ఆ జాగ్రత్త పరిశోధకులు పాటిస్తారు. సీసా మీద రాసేవాళ్లు కూడా పాటించాలి.

ఫ్లేవనాయిడ్లు, టానిన్లు వంటి మొక్కల పాలీఫెనాల్స్ పని చేసే తీరు గురించి జనంలో ఉన్న ఊహ కూడా మారాల్సి ఉంది. అవి కడుపులోకి వెళ్లి, రక్తంలో తిరిగి, చెడ్డ అణువులను ఒక్కొక్కటిగా ఏరిపారేస్తాయని ప్రకటనలు బొమ్మలేసి చూపిస్తున్నాయి. వాస్తవంలో చాలా పాలీఫెనాల్స్ రక్తంలోకి చేరేది అతి స్వల్పం. దానిమ్మలో పెద్ద పేరున్న ప్యునికలాజిన్ అసలు ఆ రూపంలో రక్తంలోకి రాదు. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి యూరోలిథిన్లుగా మారిస్తేనే శరీరానికి అందుతుంది. ఆ సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఒకేలా ఉండవు. మరికొన్ని పాలీఫెనాల్స్ కణానికి చిన్న హెచ్చరికలా తగిలి, ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ ద్వారా కణం తన సొంత రక్షణ ఎంజైములను ఎక్కువగా తయారు చేసుకునేలా చేస్తాయి. అందుకే గాజు గొట్టంలో కొలిచిన యాంటీ ఆక్సిడెంట్ బలానికీ ఒంట్లో జరిగేదానికీ పొత్తు కుదరదు. ఓరాక్ అనే అలాంటి కొలతల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. కంపెనీలు ఆ అంకెలను ప్రచారానికి వాడుకుంటున్నాయన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి.

విడదీసి మాత్రల్లో పెట్టిన యాంటీ ఆక్సిడెంట్ల కథ ఇంకా చేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఇదే దిశలో అమెరికాలో సాగుతున్న కేరెట్ అనే పరీక్షను 1996 జనవరిలో గడువుకు ముందే ఆపేయాల్సి వచ్చింది. కూరగాయలు ఎక్కువ తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువ అన్న గమనింపుతో మొదలైన పరీక్షలివి. కూర చేసిన మేలు మాత్ర చేయలేదు.

బయటి దేశాల నియంత్రణ సంస్థలు ఈ విషయంలో ఎప్పుడో కదిలాయి. పాలీఫెనాల్స్ గురించి యూరప్‌లో వచ్చిన దరఖాస్తులు దాదాపు అన్నీ ఆధారాలు చాలక వీగిపోయాయి. 2012లో ఒప్పుకున్నది ఆలివ్ నూనె పాలీఫెనాల్స్ గురించిన ఒక్క వాక్యం. దానికి కూడా 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలని, రోజుకు 20 గ్రాముల నూనె తీసుకుంటేనే ఆ మేలు అని వినియోగదారుడికి చెప్పాలని షరతు పెట్టారు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2010లో గ్రీన్ టీ సారం కలిపిన ఒక అల్లం సోడా మీద ‘యాంటీ ఆక్సిడెంట్లు’ అని రాసినందుకు తయారీదారుకు హెచ్చరిక లేఖ పంపింది. సోడా లాంటి పానీయాలకు పోషకాలు కలిపి గొప్ప చెప్పుకోవడం తగదని అందులో చెప్పింది. 2012లో సెవెన్ అప్ యాంటీ ఆక్సిడెంట్ రకాల మీద అక్కడి వినియోగదారుల సంఘం ఒకటి కోర్టుకెక్కింది. సీసా మీద చెర్రీ, దానిమ్మ బొమ్మలుంటే లోపల ఆ పళ్ల రసమే లేదు, కలిపింది కాస్త విటమిన్ ఇ. కంపెనీ ఆ విటమిన్‌నూ ఆ ప్రచారాన్నీ మానుకుంది.

మీకు ఇది చేతకాని పని కాదు. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాలు పాలలో కలుపుకునే తియ్యటి పొడులను ‘హెల్త్ డ్రింక్’ వరసలో పెట్టొద్దని చెప్పింది మీరే. జూన్‌లో, సాంద్రంలో నీళ్లు కలిపి తయారు చేసిన రసాల మీద ‘100 శాతం పళ్లరసం’ అన్న మాట తీసేయమన్నదీ మీరే. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారు కాని పానీయాల మీద ‘ఓఆర్ఎస్’ అనే మాట ఉండకూడదని ఆదేశించారు. దాని కోసం హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడాల్సి వచ్చింది. విరేచనాలతో నీరసించిన బిడ్డకు తల్లి చేతులారా చక్కెర నీళ్లు పట్టే స్థితిని ఆ ఆదేశం ఆపింది. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాటకు కూడా ఎవరో ఎనిమిదేళ్లు తిరగాల్సిన అవసరం రాకూడదు.

నిబంధన ఎలా ఉండాలో కూడా నాకు తోచింది చెబుతాను. కొత్త హద్దు వెతకాల్సిన పని లేదు. ‘చక్కెర తక్కువ’ అని రాసుకోవడానికి మీ 2018 నిబంధనలే ఒక గీత గీశాయి. ఘన పదార్థమైతే 100 గ్రాములకు 5 గ్రాములు, పానీయమైతే 100 మిల్లీలీటర్లకు 2.5 గ్రాములు. ప్యాకెట్‌లో పెట్టిన ఏ తయారీ పదార్థమైనా ఆ గీత దాటితే, దాని మీద గానీ ప్రకటనల్లో గానీ యాంటీ ఆక్సిడెంట్ అని, పాలీఫెనాల్ అని, ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గిస్తుందని రాయకూడదు. ఉత్త పండు, కోసిన పండు ముక్కలు, ఎండబెట్టిన పండు దీని కిందికి రానక్కర్లేదు. రసంలోంచి వచ్చిన చక్కెరను ‘సహజమైనది’ అని వదిలేయొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో పళ్లరసంలోని చక్కెరనూ తేనెనూ పక్కన పెట్టకుండా ‘విడి చక్కెరల్లో’ కలిపే లెక్కవేసింది. గీత దాటనివాళ్లు రాసుకుంటామంటే, ఆ పదార్థం పేరేమిటో, ఒక్కసారి తాగే మోతాదులో ఎన్ని మిల్లీగ్రాములుందో, మనుషుల మీద చూపిన ఆధారమేమిటో మీకు సమర్పించాకే రాసుకోవాలి. పోయిన మాట స్థానంలో బొమ్మ వచ్చి కూర్చోకుండా కూడా చూడండి. పదార్థాల జాబితాలో చక్కెర కంటే వెనకపడిన పండు బొమ్మను ముందువైపు అచ్చేయనివ్వొద్దు.

చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువైన ప్యాకెట్ల మీద ముందువైపు వేయాల్సిన హెచ్చరిక ముద్ర సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022లో మీరు, పోషక విలువను బట్టి నక్షత్రాలిచ్చే పద్ధతితో ముసాయిదా తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో కోర్టు మూడు నెలల గడువు పెట్టి సిఫారసులు అడిగింది. నక్షత్రాల పద్ధతి మీద నాకున్న భయం ఈ ఉత్తరానికి సంబంధించినదే. కాస్త పండు, కాస్త గింజ, కాస్త పీచు కలిపి చక్కెర పాపాన్ని కడిగేసుకుని రెండు నక్షత్రాలు సంపాదించే దారి అందులో ఉంది. చిలీ దేశం 2016లో పెట్టిన నల్ల అష్టభుజి ముద్రలో ఆ బేరం లేదు. చక్కెర ఎక్కువైతే ఎక్కువ అని ఉంటుంది, అంతే.

భాష గురించి ఒక మాట. ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలని మీ నిబంధన. అదే కంపెనీ టీవీలో ప్రకటన మాత్రం శుద్ధమైన తెలుగులో వేస్తుంది. గొప్పలు తెలుగులో వినబడుతున్నాయి, చక్కెర లెక్క ఇంగ్లీషులో దాగుంటోంది. మా ఊరి కొట్టులో పది రూపాయల పెట్టె కొనే మనిషికి ఆ రెండోది ఎన్నటికీ చేరదు. తెలుగులో ప్రకటన ఇచ్చి తెలుగు రాష్ట్రాల్లో అమ్మే పదార్థం మీద, పెట్టె మొత్తానికి ఎన్ని చెంచాల చక్కెరో తెలుగులో, ముందువైపు, కళ్లద్దాలు లేకుండా కనిపించేలా రాయమనండి. ఉసిరి లేహ్యాలు, పాకంలో ఊరిన ఉసిరి మురబ్బాల్లాంటివి ఆయుర్వేద మందుల కింద అమ్మితే అవి మీ పరిధిలోకి రావని తెలుసు. వాటి విషయం ఆయుష్ మంత్రిత్వ శాఖకు మీరే రాయాలి. కొనేవాళ్లకు ఏది ఏ శాఖ కిందికి వస్తుందో తెలియదు.

తప్పంతా కంపెనీలదేనని కూడా నేను అనను. మన ఇళ్లలోనూ ఇదే భ్రమ వేరే రూపంలో ఉంది. చక్కెర మానేశామని చెప్పి రాగి జావలో గుప్పెడు బెల్లం వేసుకుంటున్నాం. బెల్లంలో కాస్త ఇనుము, కాస్త పాలీఫెనాల్స్ ఉన్న మాట నిజమే. కానీ అనకాపల్లి బెల్లమైనా, ఇంకెక్కడిదైనా నూటికి ఎనభై పాళ్లకు పైగా చక్కెరే. రాగి బిస్కెట్ అని కొన్నదాంట్లో రాగి ఎంతో, మైదా ఎంతో చూసుకోం. మరోపక్క పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, జామకాయ మనకు ఆనదు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మనం తినే పళ్లను వరసపెట్టి పరీక్షించినప్పుడు యాంటీ ఆక్సిడెంట్లలో జామ అన్నిటికంటే ముందు నిలిచింది. ఖరీదైన ఆపిల్ దానికి చాలా వెనక. వంద గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బండి మీద ఉప్పూకారం చల్లి ఇచ్చే జామకాయకు ప్రకటన వేసేవాళ్లు లేరు. గోంగూరకూ మునగాకుకూ నేరేడుకూ కరివేపాకుకూ లేరు. ప్రకటన లేనివాటికి ఉన్న మంచిపేరును, ప్రకటన ఉన్నవాళ్లు చక్కెర నీళ్లకు తగిలించి అమ్ముకుంటుంటే ఆపగలిగిన అధికారం మీ సంస్థకు ఉంది.

కాబట్టి, మీ సంస్థ రాబోయే సమావేశంలో ఈ ఒక్క నిబంధనను చర్చకు పెట్టండి. ముసాయిదా తయారుచేసి ప్రజాభిప్రాయం అడగండి, ఆ ముసాయిదాను తెలుగుతో సహా అన్ని భాషల్లో విడుదల చేయండి. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలను పిలిచి ఆ గాలక్టోజ్ ప్రయోగం గురించి వాళ్ల నోటే వినండి. మా కాలేజీ పిల్లలు ఈ ఏడాది ప్రాజెక్టుగా తమ వీధి కొట్లలో దొరికే ఇలాంటి ప్యాకెట్లను ఏరి, చక్కెర లెక్కలు రాస్తున్నారు. అడిగితే ఆ పట్టికలన్నీ మీకు పంపిస్తాను.

ఈ ఉత్తరం చదివే పాఠకులకు కూడా ఒక విన్నపం. ‘యాంటీ ఆక్సిడెంట్లు’ అని రాసిన పెట్టె ఇంట్లో ఉంటే వెనక్కి తిప్పి, చక్కెర అంకెను పెట్టె మొత్తానికి లెక్కగట్టండి. పాతిక గ్రాములకు దగ్గరగా వస్తే రెండు వైపులా ఫొటో తీసి, ఆహార భద్రత సంస్థ వారి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయండి.

ఇట్లు,
జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
హనుమకొండ